32 కేబీ కంప్యూటర్‌కి 64 జీబీ కార్డు పెడితే ఏమైంది?

వీడియో చూసే టైం లేదు, చదువుకుంటాం అనే వాళ్ల కోసం ఈ ఎపిసోడ్ మాటలన్నీ ఇక్కడ పెడుతున్నాను. నేను తడబడ్డ చోట్ల కొంచెం సరిచేశాను. సారు మాటలు మాత్రం ఆయన అన్నట్టే ఉంచాను.

ముందు ఒక చిన్న లెక్క. మీ ఫోన్‌లో ఒక మామూలు ఫోటో 3 ఎంబీ ఉందనుకోండి. ఈ రోజు మనం మాట్లాడుకునే కంప్యూటర్ మెమరీ మొత్తం 32 కేబీ. అంటే ఆ ఒక్క ఫోటోలో దాదాపు వందో వంతు. అంత చిన్న జాగాలోనే ఒకప్పుడు మన దేశంలో వందల బడుల పిల్లలు మొదటిసారి కంప్యూటర్ అంటే ఏందో చూశారు. దాని పేరు బీబీసీ మైక్రో.

నాకు అది దొరికింది కరీంనగర్ మంకమ్మతోటలో. మా నాయనకు లెక్కలు చెప్పిన సారు ఇంట్లో, బీరువా మీద, పాత దుప్పటి కప్పి ఉంది. సారుకు ఇప్పుడు 78 ఏళ్లు. ఇల్లు సర్దుతుంటే బయటపడిందట, మా నాయనకు ఫోన్ చేశారు. "మీ పిలగాడు గిసొంటియి చూస్తడు గదా, ఒకసారి రమ్మను. గది నడుస్తదా లేదా చెప్తే చాలు" అన్నారు. పాత పాల రంగు ప్లాస్టిక్ పెట్టె, ముందు నల్ల కీలు, పైన వరసగా ఎర్ర కీలు. పక్కన ఒక బిస్కెట్ డబ్బాలో ఒకే ఒక క్యాసెట్. దాని మీద పెన్నుతో "అ ఆ" అని రాసి ఉంది.

అసలు ఇది మన దాకా ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఇంగ్లండ్‌లో బీబీసీ వాళ్లు జనానికి టీవీలో కంప్యూటర్ పాఠాలు చెబుదాం అనుకున్నారు. పాఠం చెప్పాలంటే చేతిలో మిషన్ ఉండాలి కదా. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీకి ఆ పని దక్కింది. 1981 డిసెంబర్‌లో బీబీసీ మైక్రో వచ్చింది, 1982 జనవరిలో టీవీ ప్రోగ్రాం మొదలైంది. లోపల 6502 అనే ప్రాసెసర్, వేగం 2 మెగాహెర్ట్జ్. అక్కడ అది ఇంట్లో టీవీకి తగిలించుకునే సామాను.

మన దగ్గర మాత్రం ఇంట్లోకి రాలేదు, బడిలోకి వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి చేశాయి, ఎన్‌సీఈఆర్‌టీ కూడా అందులో ఉంది. మొదట దేశం మొత్తం మీద సుమారు 250 బడులు. ఎంచుకున్న మిషన్ ఈ బీబీసీ మైక్రోనే. తర్వాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ దీన్నే యూనికార్న్ అనే పేరుతో మన దేశంలో తయారుచేసింది. మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు 1969 నాటికే కంప్యూటర్ చేశారు, అది నిజమే. కానీ దాన్ని ముట్టుకునే అదృష్టం బడి పిల్లలకు ఎక్కడిది?

సారు ఆ రోజుల గురించి చెప్తుంటే నవ్వొచ్చింది. కంప్యూటర్ గదికి పరదాలు, బయట చెప్పులు విప్పాలి, ఒక్కో కీబోర్డు ముందు అయిదారుగురు పిల్లలు. ఒకడు టైపు చేస్తే మిగతావాళ్లు చూడాలి. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. ఇక్కడొక మాట అనకుండా ఉండలేను: రామగుండంలో ఎన్‌టీపీసీ 1983లో కరెంటు తీయడం మొదలుపెట్టింది, అదీ అప్పటి మన కరీంనగర్ జిల్లాలోనే. కరెంటు మన దగ్గర పుట్టి మన దగ్గరే పోయేది. పోతే మెమరీలో ఉన్నదంతా పోయినట్టే. అందుకే పిల్లలకు సారు నేర్పిన మొదటి పాఠం ప్రోగ్రాం రాసుడు కాదట, క్యాసెట్‌లో దాచుడు.

తర్వాత పీసీలు వచ్చాయి. ఇవి మూలకు పడ్డాయి. బడిలో పాత సామాను వేలం వేస్తే, ఇనుప కుర్చీలతో పాటు పెట్టిన ఈ ఒక్కదాన్ని సారు 150 రూపాయలకు కొనుక్కున్నారు.

సరే, ఇంటికి తెచ్చాను. స్విచ్ వేశాను. పైన కీబోర్డు లైట్లు వెలిగాయి, ఆ "బీ...బీప్" చప్పుడు వచ్చింది, తెర మీద బీబీసీ కంప్యూటర్ 32కే అని వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. పది నిమిషాలకు వెనకనుంచి తెల్ల పొగ, ఇల్లంతా చేపలు మాడినట్టు వాసన. మా అమ్మ చీపురు పట్టుకొని వచ్చింది.

ఇది ఈ మిషన్లకు పేరున్న జబ్బే. పవర్ సప్లైలో పసుపు రంగులో, లోపలిది కనిపించేలా ఉండే కెపాసిటర్లు ఉంటాయి. లోపల కాగితం చుట్టలుంటాయి. ఏళ్లు గడిచాక పై ప్లాస్టిక్ పగులుతుంది, ఆ పగుళ్లలోంచి గాలిలో తేమ కాగితంలోకి పోతుంది, కరెంటు తగలగానే కాలుతుంది. కాబట్టి ఇట్లాంటిది దొరికితే నాలాగా ఆత్రపడి స్విచ్ వేయకండి. పవర్ సప్లై విప్పే పని తెలిసినవాళ్లతోనే చేయించండి, అది ఇంటి కరెంటు, ఆటకాదు. నేను టీవీ రిపేర్ చేసే అన్నతో రెండు కొత్తవి వేయించాను. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి.

ఇప్పుడు అసలు పని. కంప్యూటర్ ఆన్ అయింది, కానీ దానికి తినిపించడానికి ఏమీ లేదు. క్యాసెట్ ప్లేయర్ లేదు, ఫ్లాపీ డ్రైవ్ లేదు. ఈ పాత మిషన్ల మీద ఇష్టం ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లు ఒక ఉపాయం చేశారు. మిషన్ అడుగున యూజర్ పోర్ట్ అని 20 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి ఒక చిన్న బోర్డు తగిలించి, బోర్డులో ఎస్‌డీ కార్డు పెట్టాలి. లోపల ఒక రామ్ చిప్ కాదు, రోమ్ చిప్ పెట్టాలి. అందులో ఎంఎంఎఫ్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది కంప్యూటర్‌ను నమ్మిస్తుంది: ఇది కార్డు కాదు, ఫ్లాపీనే అని. అప్పటి ఫ్లాపీలో ఒక వైపు 200 కేబీ, 31 ఫైళ్లు, ఫైల్ పేరు ఏడక్షరాలు దాటొద్దు. అట్లాంటివి 511 ఫ్లాపీలను ఒకే ఫైల్‌గా మూటకట్టి కార్డులో పెడతారు. ఆ మూట మొత్తం 100 ఎంబీ చిల్లర, గంతే. మీ ఫోన్‌లో ఒక నిమిషం వీడియో కూడా అంత తింటుంది.

బోర్డు తెప్పించాను. బజార్ల 64 జీబీ కార్డు కొన్నాను. పెట్టాను. కార్డు లేదంటోంది.

ఇది మొదటి తప్పు, పూర్తిగా నాదే. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఫాట్16, ఫాట్32 మాత్రమే తెలుసు. మనం ఉర్దూలో రాసిన ఉత్తరాన్ని తెలుగొక్కటే వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కు ఇచ్చినట్టు. ఇంకో దుకాణంలో 32 జీబీది కొన్నాను. అది నకిలీ అని పరీక్ష చేస్తే తేలింది, రాసింది మళ్లీ చదివితే సగం చెత్త. ఈ సంగతి మీకూ పనికొస్తుంది: ఫోన్‌కు కొన్న కార్డులో ఫోటోలు మాయమైతే ఫోన్‌ను తిట్టే ముందు కార్డును అనుమానించండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కార్డు నిండా రాసి, మళ్లీ చదివి, అసలు సైజు ఎంతో చెప్తాయి.

చివరికి మా అక్క పాత ఫోన్‌లోంచి 4 జీబీ కార్డు తీశాను. కొత్తగా ఫార్మాట్ చేసి, అన్నిటికంటే ముందు ఆ మూట ఫైలే కాపీ చేశాను. ముందే ఎందుకంటే, అది కార్డు మీద ముక్కలు ముక్కలు కాకుండా ఒకే వరసలో ఉండాలి. మీ ఫోన్ అయితే ముక్కలను తనే వెతుక్కుంటుంది. 32 కేబీ మిషన్‌కు అంత ఓపిక పెట్టే జాగా లేదు. మొదలు ఎక్కడో చూసి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ పోతుంది.

అయినా రాలేదు.

ఇక్కడ మూడు రోజులు పోయాయి. రోమ్ చిప్ సరిగ్గా కూర్చోలేదేమో అనుకున్నాను. హెల్ప్ అని కొడితే ఆ సాఫ్ట్‌వేర్ పేరు చూపిస్తోంది, అంటే రోమ్ బాగానే ఉంది. కార్డు లాప్‌టాప్‌లో బాగానే ఉంది. కేబుల్ బాగుంది. మిగిలింది యూజర్ పోర్టే. దాన్ని నడిపే చిప్ పేరు 6522, బోర్డు మీద దాని నెంబర్ ఐసీ69. బేసిక్‌లో రెండు లైన్లు రాసి పోర్టులోకి అంకెలు పంపి, తిరిగి చదివాను. పంపినవే తిరిగొచ్చాయి. పోర్టు మంచిదే అనుకున్నాను.

పప్పులో కాలేశాను. ఆ చిప్‌కు ఒక గుణం ఉంది. ఆ పోర్టులో బయటికి పంపే గీతను తిరిగి చదివితే, పిన్ను మీద నిజంగా ఏముందో చెప్పదు, నువ్వు రాయమన్నది ఏందో అదే చెప్తుంది. పని చేసినవా అంటే "మీరు చేయమన్నరు కదా సార్" అన్నట్టు. మల్టీమీటర్ పెట్టి ఒక్కొక్క పిన్ను చూస్తే అప్పుడు దొరికింది. కార్డులోకి డేటా పోయే గీత మీద ఒకటి పంపినా సున్నా పంపినా వోల్టేజీ కదలట్లేదు. లోపల కాలిపోయింది.

సారుకు ఫోన్ చేసి ఊరికే అడిగాను, ఈ కింది సాకెట్‌కు ఎప్పుడైనా ఏమైనా తగిలించారా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వారు.

"సైన్స్ ఫేర్ బిడ్డా. 87ల. ట్రాఫిక్ సిగ్నల్ జేసినం పిలగాండ్లతోని. ఎర్ర బల్బు, పచ్చ బల్బు కంప్యూటరే వెలిగిస్తది. ఒగ పిలగాడు మిషన్ నడుస్తుండంగనే వైరు పీకి మళ్ల పెట్టిండు. టప్పుమన్నది. గప్పటిసంది సిగ్నల్ నడువలే. కంప్యూటర్ నడుస్తుంది గదా అని ఎవలకు చెప్పలే."

ఆ పోర్టుకూ చిప్‌కూ మధ్య అడ్డం ఏమీ ఉండదు. తప్పుగా తగిలిస్తే దెబ్బ నేరుగా చిప్‌కే. నేను మూడు రోజులు వెతికిన తప్పు 1987లో జరిగింది, ఆ గుట్టు అన్నేళ్లూ సారు కడుపులోనే ఉంది.

మంచి వార్త ఏంటంటే ఆ చిప్ ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది. చెడ్డ వార్త, రెండు రకాలున్నాయి: పేరు చివర ఎస్ ఉన్నది, ఎన్ ఉన్నది. నేను చూసుకోకుండా ఎస్ కొన్నాను. ఈ మిషన్‌లో అన్ని చిప్‌లు ప్రాసెసర్‌ను పిలవడానికి ఒకే తీగ వాడుకుంటాయి, పని ఉన్నది తీగను కిందికి లాగుతుంది. ఎస్ రకం, పని లేనప్పుడు తీగను పైకి గట్టిగా పట్టుకొని కూర్చుంటుంది. మిగతావి లాగినా రాదు. కీబోర్డు కూడా సరిగా పలకలేదు. మళ్లీ ఎన్ తెప్పించాను, మళ్లీ మూడు వారాలు.

అది పెట్టిన రోజు సారును ఇంటికి తీసుకొచ్చాను. షిఫ్ట్ పట్టుకొని బ్రేక్ నొక్కితే కార్డులోంచి మెనూ వచ్చింది. 1984లో వచ్చిన ఎలైట్ అనే ఆట పెట్టాను. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు రాశారు, డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్. అంతరిక్షం, ఎనిమిది గెలాక్సీలు, వ్యాపారం, యుద్ధం, అంతా ఆ చిన్న మెమరీలోనే. సారు కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూశారు. మెనూలో ఒక్కొక్క పేరు చదివించుకున్నారు. ఆటలు, పాఠాలు, పటాలు, అన్నీ.

"మంచిగనే ఉన్నది. ఇవన్ని ఇంగ్లండోల్లయే గదా. మనది ఏ నెంబర్ల ఉన్నది?"

నా దగ్గర జవాబు లేదు. 511 ఫ్లాపీల మూటలో మనది ఒక్కటి లేదు. వాళ్ల దేశంలో క్యాసెట్లు, ఫ్లాపీలు దాచుకున్నవాళ్లు కాపీలు తీసి పంచారు కాబట్టి అవి ఈ రోజు నా కార్డులో ఉన్నాయి. మన బడుల పిల్లలు రాసినవి? అవీ ఇట్లాంటి క్యాసెట్లలోనే ఉండాలి. నేను ఇన్ని వారాలు కార్డుతో కుస్తీపట్టి, బిస్కెట్ డబ్బాలో క్యాసెట్‌ను మరిచిపోయాను.

అప్పుడు అడిగాను, "అ ఆ" అంటే ఏంది సారూ అని.

ఈ మిషన్‌లో తెలుగు లేదు. కానీ 32 అక్షరాలను మనకు నచ్చినట్టు గీసుకునే వీలుంది. ఒక్కో అక్షరం ఎనిమిది అడ్డం ఎనిమిది నిలువు గళ్లు. తెలుగు అక్షరం అందులో ఇమడదు, నాలుగు గళ్ల ముక్కలు కలిపితే గానీ "ఆ" రాదు. నాలుగేసి అంటే 32కి ఎనిమిది అక్షరాలే. వర్ణమాల ఎట్లా? పిల్లలు ఒక సంగతి కనిపెట్టారు: తెర మీద ఒకసారి గీసింది, తర్వాత ఆ గళ్లు మార్చినా చెరిగిపోదు. అందుకని ఒక అక్షరం గీసుడు, గళ్లు మార్చుడు, ఇంకోటి గీసుడు. అట్లా అ నుంచి ఱ దాకా. లెక్కల నోటుబుక్కులో గళ్ల మీద పెన్సిల్‌తో నింపి, ఒక్కో వరసను అంకెగా మార్చి టైపు చేశారు. ఇప్పుడు మీరు ఫోన్‌లో తెలుగు అంటూ ఒక సెట్టింగ్ నొక్కుతారు కదా, దానికి ముందు కరీంనగర్ దగ్గరి ఒక బడిలో ఇదీ సంగతి.

క్యాసెట్ విషయంలో మీ ఫోనే పనికొస్తుంది, వినండి. బీబీసీ మైక్రో క్యాసెట్‌లో ఉండేది మామూలు శబ్దమే. సున్నాకు 1200 హెర్ట్జ్ మోత, ఒకటికి 2400. సెకనుకు 1200 బిట్లు. కాబట్టి క్యాసెట్‌ను ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు, ఫోన్‌నుంచే కంప్యూటర్‌కు వినిపించవచ్చు. మధ్యలో ఒక వైరు చాలు. బ్లూటూత్ పనికిరాదు. ఎంపీ3 కూడా వద్దు, అది మన చెవికి అక్కర్లేదనుకున్నది తీసేస్తుంది, కంప్యూటర్ చెవికి అదే కావాలి. వేవ్ ఫైలే ఉండాలి. ఫోన్‌లో ఈక్వలైజర్, సౌండ్ ఎఫెక్టులు అన్నీ ఆపాలి. ఫ్లైట్ మోడ్ పెట్టాలి. నేను పెట్టలేదు. సగం లోడ్ అయ్యాక మా బావ "తిన్నవా" అని వాట్సాప్ పెట్టాడు, ఆ టింగ్‌తో మొత్తం పోయింది.

ఇంకో ముచ్చట: మీ ఫోన్‌లో ఉన్న ఏఆర్ఎం ప్రాసెసర్‌ను పుట్టించింది కూడా ఈ ఏకార్న్ కంపెనీయే. బీబీసీ మైక్రో చేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ 1985లో దాన్ని తయారుచేశారు. అంటే మనవడు తాతకు చెవిలో పాఠం చెప్తున్నట్టు.

క్యాసెట్‌ను ముందు ముట్టుకోకుండా చూశాను. లోపల టేపును అదిమి పట్టే చిన్న స్పాంజి ఊడిపోయింది. స్క్రూలు తీసి, టేపును ఒక మంచి క్యాసెట్ డొల్లలోకి మార్చాను. ఒక పాత డెక్ అరువు తెచ్చి, ఒక్కసారే, మొదటిసారికే రికార్డు చేశాను. పాత టేపు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం.

ఫోన్‌నుంచి వినిపిస్తే "సెర్చింగ్" అని, తర్వాత "లోడింగ్" అని వచ్చింది. టేపులో ప్రోగ్రాం 256 బైట్ల ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కకు చివర తప్పు పట్టుకునే ఒక సరిచూపు అంకె. ముక్కల నెంబర్లు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. సారు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. సగం దాటాక "డేటా?" అని ఆగింది. వాల్యూం పెంచాను, తగ్గించాను, మళ్లీ మళ్లీ అక్కడే. టేపు ఆ చోట నలిగి ఉంది.

తప్పులున్నా పట్టించుకోకు అని కంప్యూటర్‌కు చెప్పే ఆజ్ఞ ఒకటుంది. అది ఇచ్చి మొత్తం ఎక్కించాను. లిస్ట్ కొడితే "బ్యాడ్ ప్రోగ్రాం". బేసిక్‌లో ప్రతి లైనుకూ మొదట దాని నెంబర్, దాని పొడవు రాసి ఉంటాయి. పొడవును బట్టి తర్వాతి లైను ఎక్కడుందో వెతుక్కుంటుంది. మధ్యలో ఒక ముక్క చెడితే గొలుసు తెగినట్టే. లాప్‌టాప్‌లో ఆ ఫైల్ తెరిచి, చెడిన ముక్కకు ముందు లైనునూ వెనక మంచి లైనునూ కలిపి గొలుసు అతికించాను. అదొక రాత్రి పని.

రన్ కొట్టాం. అ వచ్చింది. ఆ వచ్చింది. కొంచెం వంకరగా, తలకట్లు పక్కకు జరిగి, నెమ్మదిగా, ఒక్కొక్కటే. ట దాకా వచ్చాయి. ఠ లేదు, డ లేదు, ఢ సగమే. ణ నుంచి మళ్లీ బాగున్నాయి.

సారు ఏమీ అనలేదు. "గళ్ల నోటుబుక్కు ఉన్నదా ఇంట్ల?" అని అడిగారు. మా అక్క కొడుకు లెక్కల నోటుబుక్కు ఇచ్చాను. పెన్సిల్‌తో మూడక్షరాలు నింపారు, చెయ్యి వణుకుతుంటే ఢ రెండుసార్లు చెరిపారు. వరసలను అంకెలుగా ఆయనే మార్చారు, నోటితోనే, నా ఫోన్ కాల్‌క్యులేటర్ తీసేలోపే. నేను టైపు చేశాను.

ఇప్పుడు అది కార్డులో మొదటి నెంబర్‌లో ఉంది. ఎలైట్‌ను వెనక్కి జరిపాను. ఆ క్యాసెట్ వేవ్ ఫైల్‌ను అతుకులు వేయకుండా, ఉన్నదున్నట్టు, విడిగా మూడు చోట్ల దాచాను.

మీ ఇంట్లో, మీ తాతల బీరువాల్లో, పాటలు కాకుండా గీ అని కూసే క్యాసెట్ ఏదన్నా ఉంటే, ముందు దాన్ని ఏ చవక ప్లేయర్‌లోనూ వేయకండి. మీద రాసిన పేరు ఫోటో తీసి నాకు పంపండి. సారు ఇంకో రెండు బడుల పేర్లు గుర్తు చేసుకుని చెప్పారు, ఒకటి జగిత్యాల వైపు. వచ్చే ఆదివారం ఇద్దరం బస్సులో పోతున్నాం.